నలభై మందిమి వేసిన చుక్క

రొయ్యల ఫ్యాక్టరీ హాస్టలు, మనుబోలు
4 డిసెంబరు 2025

మామా,

నువ్వు బాగానే ఉన్నావని ఐసు వ్యాను రాజ్ కుమార్ చెప్పాడు. నేను బాగాలేను. మండిపోతున్నాను.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. కిందటి ఉత్తరంలో నేను ఇంగ్లీషు ముక్కలు కుక్కానని, “ఉత్తరం రాసినావా, డాక్టరు చీటీ రాసినావా” అని ఎగతాళి చేశావు. సరే. తొమ్మిదిలో బడి మానినదాన్నే గానీ చేతికందిన కాగితమల్లా చదివినదాన్ని. తెలుగులో మాట ఉంటే ఇక తెలుగే రాస్తాను. చూసుకో.

ఇప్పుడు మంట గురించి. క్రిస్మస్‌కి సెలవు లేదంట. సరుకు ఓడ ఎక్కాలంట. రొయ్యకు తొందర లేదు, వీళ్ళకే తొందర. మేనేజరు గదిలో మాత్రం చెన్నై నుంచి తెప్పించిన మెరుపుల చెట్టు పెట్టుకున్నాడు. మేం హాస్టల్లో ఏదైనా కట్టుకుంటామంటే “మేకులు కొడితే గోడలు పాడవుతాయి” అన్నాడు. గోడలంట! చేత్తో తడితే సున్నం రాలి కూరలో పడుతుంది.

అందుకని నలభై మందిమి కూర్చుని తీర్మానం చేశాం. ఏదీ కొనం. వీళ్ళు పారేసేవాటితోనే పండగ చేస్తాం. చిరిగిన చేతి తొడుగుల్లో దూది కూరి పావురాలు చేశాం, ఐదు వేళ్ళూ రెక్కలూ తోకా అయిపోయాయి. టీ తాగిన కాగితం గ్లాసులు బోర్లించి గంటలు చేస్తున్నాం. పగిలిన రబ్బరు బూట్లలో బంతి నారు నాటాం. ఇవన్నీ ఒక ఎత్తు, మేడ మీద వేసే చుక్క ఒక ఎత్తు. స్టారు అని రాయబోయి చెయ్యి ఆపుకున్నాను, చూశావా? నిలువెత్తు చుక్క. హైవే మీద పోయే లారీవాడు తల బయటపెట్టి చూడాలి.

జెల్ పెన్ను అయిపోయింది. ఇక్కడి నుంచి అనూష బాల్ పెన్ను లాక్కుని రాస్తున్నాను.

నాకు కావలసినవి చెబుతా విను. నీ పాత వల, ఎంత పెద్దదైతే అంత మంచిది. వలకు కట్టే బెండ్లు ఒక సంచి. ఖాళీ సీసాలు దొరికినన్ని, క్వార్టరు సీసాలైనా పర్లేదు, మీ రేవులో వాటికి కరువా! గ్లాసులు వద్దు, రెండొందలు కూడబెట్టాం. ఇరవై నాలుగు సాయంత్రం పని దిగగానే మేడ ఎక్కి చుక్క వేస్తాం. మేనేజరు చూస్తే చూడనీ. చాలామందికి ఇదే మొదటిసారి. అనూష ఇప్పటినుంచే గంతులేస్తోంది. నాకు భయం లేదు, చిన్నప్పుడు నీ పక్కన కూర్చుని చూసి నేర్చుకున్న పనే గదా. కానీ ఇంత పెద్ద చుక్క నా ఒక్కదాని వల్ల కాదు. నువ్వు వచ్చి చెయ్యి వేయాలి మామా. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వే, అయినా ఒక్క పండక్కి కూడా నా పక్కన నిలబడలేదు. ఈసారి రాకపోతే ఊరుకోను.

నీ నవోమి

---

కొత్తకుప్పం, పులికాటు ఒడ్డు
7 డిసెంబరు

నవోమమ్మకు మామ మాల్యాద్రి రాసేది.

నీ ఉత్తరాన్ని రాజ్ కుమార్ ఐసు పెట్టె మీద పెట్టుకొని తెచ్చినాడు. నీలం సిరాతో రాసిందంతా కరిగిపోయి కాగితం మన సరస్సు మాదిరి అయింది. బాల్ పెన్నుతో రాసింది మిగిలింది. అది చదివినాను. చదివి పడవ అంచు మీద కూర్చుంటే మళ్ళీ లేవబుద్ధి కాలేదు.

“మేడ ఎక్కి చుక్క వేస్తాం” అని రాసింది నువ్వేనా తల్లీ? నలభై మంది ఆడపిల్లలు! మొదటిసారి వేసేవాళ్ళను కూడా కూడగట్టినావంటే ముందు నడిచేది నువ్వేనన్నమాట. “నీ పక్కన కూర్చుని చూసి నేర్చుకున్న పనే” అన్నావే, ఆ మాట గాలం మాదిరి దిగింది. అది నిజమే, కాదనను. అందుకే చెబుతున్నాను. ఆ చుక్క మన ఇంట్లో ఏం చేసిందో నీకు తెలియదు. దాని మూలాన మీ అమ్మ ఎన్నిసార్లు ఏడ్చిందో నాకు తెలుసు. ఇప్పటికీ దాని పేరెత్తితే నేను లేచి పోతాను. అట్లాంటిది, నన్ను వచ్చి చెయ్యి వేయమంటావా?

వల దేనికో ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. మేడ మీది నుంచి ఎవరైనా పడితే పట్టుకోవడానికా? బెండ్లు నడుముకు కట్టుకుంటారా? ఒక్క సీసా కూడా పంపను.

మన ఊరి పెద్దాయన కామాక్షయ్యను సలహా అడిగినాను. ఆయన సొంత చేతులతో ప్రతిజ్ఞ ఒకటి రాసిచ్చినాడు, ఇందులో పెట్టినాను. నలభై మంది చేతా సంతకాలు పెట్టించి పంపు. నలభై నిమ్మకాయలు కూడా పంపుతున్నాను, మనిషికొకటి. ఎందుకో నీకు వేరే చెప్పక్కర్లేదు.

మామ

---

మనుబోలు
9 డిసెంబరు

మహారాజశ్రీ మాల్యాద్రి గారికి,

ఇకమీదట మామా అని రాయను. గారు అనే రాస్తాను. చదువుకోండి.

నలభై నిమ్మకాయలు అందాయి. మాకు దిష్టి తీయడానికా? మేమేమన్నా దయ్యాలమా? అన్నిటికీ మొహాలు గీసి మెట్ల పొడుగునా వేలాడదీశాం. అందరికంటే పెద్ద నిమ్మకాయకు మీ మీసం పెట్టాం.

ప్రతిజ్ఞ కూడా అందింది. పదిమందిలో నిలబడి గట్టిగా చదివాను. “మేము ఇకమీదట చుక్క ముట్టము. చుక్క ఉన్న చోట నిలబడము. ఎవరైనా చుక్క చూపించి పిలిచినా తల తిప్పుకుని పోతాము.” మరి ఆకాశం కింద నిలబడకుండా ఎక్కడికి పోవాలండీ? బురదలో దూరాలా? ఆ కాగితాన్ని సన్నగా కత్తిరించి గొలుసు చేశాను. మీ కామాక్షయ్య గారి అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, గొలుసు బాగా కుదిరింది. అందుకు మాత్రం ఆయనకు నా నమస్కారాలు.

చుక్క వల్ల మా అమ్మ ఏడ్చిందా? అబద్ధం. అమ్మ ఏటా డిసెంబరు రాగానే చుక్క వేసేది. నాన్న అందించేవాడు, అమ్మ వేసేది. నాకు నాలుగేళ్ళప్పుడు నాన్న భుజాల మీద కూర్చోబెట్టుకుని నాచేత కూడా వేయించాడు. నేను వేసిన మొదటి చుక్క అదే. అమ్మ చప్పట్లు కొట్టింది! మా పాస్టరు గారు రెండు వేస్తారు, ఒకటి ఇంటి ముందు, ఒకటి మందిరంలో అందరూ చూస్తుండగా. ఆయన్ని కూడా తల తిప్పుకుని పొమ్మంటారా?

ఇన్నాళ్ళూ మీ కడుపులో ఇది ఉందని నాకు తెలియదు. మా నాన్న దారి మీకు నచ్చలేదు. అమ్మ ఆ దారి పట్టడం నచ్చలేదు. నేనూ అదే దారిలో ఉన్నాను, ఉంటాను, చచ్చేదాకా వేస్తాను. మీరు రావద్దు. వలా వద్దు. దుప్పట్లు చింపైనా సరే చేసుకుంటాం.

ఇట్లు,
జి. నవోమి, గ్రేడింగ్ సెక్షన్

---

కొత్తకుప్పం
12 డిసెంబరు

అమ్మా నవోమీ,

గారు అన్నావు. సరే. ఎన్ని అన్నా పడతాను.

మూడుసార్లు చదివినాను. మా దుర్గ! నా చెల్లెలు! నెత్తిన చేపల బుట్ట పెట్టుకొని గట్టు మీద నడుస్తుంటే ఒక్క అడుగు తూలలేదే. మీ నాన్న అందిస్తే వేసేదా? నాలుగేళ్ళ బిడ్డను భుజాల మీద కూర్చోబెట్టుకొని వేయించినాడా? మా ఇంటి అల్లుడు నెమ్మదస్తుడని ఊరంతా చెప్పుకున్నానే! ఇప్పుడు బతికి ఉంటే పెన్నలో ముంచి తీసేవాణ్ణి.

కామాక్షయ్యకు చూపించినాను. పాస్టరు గారి సంగతి దగ్గర ఆగిపోయి కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ చదివినాడు. “ఇంటి ముందరేనా మాల్యాద్రీ? బయట పడి?” అన్నాడు. “మందిరంలో కూడానంట,” అన్నాను. “అందరూ చూస్తుండగానా?” “అట్లనే రాసింది.” ఆయన మంచినీళ్ళు అడిగినాడు.

ఆకాశమనీ బురద అనీ ఏందేందో రాసినావు. ఆ ఉత్తరం కూడా వేసుకునే రాసినావా?

ఇంక దాపరికం వద్దు. నా తాగుడు సంగతి నీ ముందు ఎప్పుడూ ఎత్తలేదు, సిగ్గు. మూడేళ్ళ కిందట ఈ కామాక్షయ్యే నన్ను శిబిరంలో కూర్చోబెట్టి మాన్పించినాడు. తాగుడు మానడం ఎట్లుంటాదో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను, భయపడవద్దు. వచ్చే ఆదివారం ఇద్దరం వస్తాం. నీ గుడ్డలు సర్దుకో. ఆ ఉద్యోగం వద్దు, ఆ స్నేహాలు వద్దు. ఇక్కడ వలలు బాగుచేసుకుంటూ నా కళ్ళ ముందర ఉందువు.

మామ

---

మనుబోలు
14 డిసెంబరు

మామా, మామా, మామా,

ఈ ఉత్తరం మొత్తం బాల్ పెన్నుతోనే రాస్తున్నాను. రొయ్యలు పెట్టే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, అంచు కాల్చి అతికిస్తాను. సముద్రంలో పడేసినా తడవదు.

నీ ఉత్తరం చదివి నేను భోరున ఏడుస్తూ పెట్టె సర్దుతుంటే అనూష నా చేతిలోంచి లాక్కుంది. చదివింది. నన్ను చూసింది. మళ్ళీ చదివింది. “ఒసే నవోమీ, మీ మామ ఏ చుక్క గురించి మాట్లాడుతుండాడే?” అంది. “ఏ చుక్క ఏంది, మేడ మీద వేసే చుక్క,” అన్నాను. “మేడ మీద చుక్క వేస్తారే, అందరూ మేడ మీదనే వేస్తారు, మా చిన్నాన్న కూడా మేడ మీదనే వేస్తాడు, వేసి దిగలేక అక్కడే పడుకుంటాడు!” అని నేల మీద పడి దొర్లింది. నాకప్పుడు వెలిగింది.

చుక్క అంటే స్టారు మామా! స్టారు! కాగితంతో చేసి గుమ్మానికి వేలాడదీసే స్టారు! ఇంగ్లీషు ముక్కలు వద్దన్నావని చుక్క అని రాశాను. నా ఖర్మకొద్దీ నీలం సిరాలో ఉన్నదంతా కరిగింది, సీసాలూ గ్లాసులే మిగిలాయి. సీసాలు దీపాలు పెట్టడానికి. గ్లాసులు గంటలకు. వల చుక్క మీద చుట్టడానికి. నీ దగ్గర నేర్చుకున్నది ముళ్ళు వేయడం. అమ్మ వేసింది స్టారు. నేను నాలుగేళ్ళప్పుడు వేసింది స్టారు. పాస్టరు గారిని వదిలేయండయ్యా, ఆయన షుగరని టీలో చక్కెర కూడా వేసుకోడు!

ఇక్కడ అందరికీ తెలిసిపోయింది. ఎవరు ఎదురుపడినా “ఏమే, చుక్క వేద్దామా?” అని పలకరింత. నిన్న రొయ్యల తొట్టి దగ్గర ఒకరిని చూసి ఒకరం నవ్వు ఆపుకోలేకపోతే సూపర్‌వైజరు లైను ఆపి మందలించాడు. నీ ప్రతిజ్ఞ గొలుసు గుమ్మానికి కట్టాం, దాని కింద నిలబడే ఈ ఉత్తరం రాస్తున్నాను.

గారు అన్నందుకు తప్పయింది. నిన్ను మతం పిచ్చివాడివనుకున్నందుకు ఇంకా పెద్ద తప్పయింది. అయినా తప్పు సగం నీది కూడా. ఒక్కసారి “ఏ చుక్క?” అని అడిగి ఉండొచ్చు గదా? నేను మాత్రం అడిగానా అంటావు. అనుకో. నా తిక్క నీకు తెలుసు.

మూడేళ్ళ మాట మొదటిసారి నీ చేత్తో రాశావు. అది చదివి నేను నవ్వలేదు మామా. ఆ ఒక్క ముక్క దగ్గర అనూష కూడా నవ్వలేదు.

వల పంపు. ఇరవై నాలుగున నువ్వూ రా.

నీ నవోమి

---

కొత్తకుప్పం
17 డిసెంబరు

నవోమమ్మా,

కామాక్షయ్య మొన్నటి నుంచి ఇంట్లోంచి బయటికి రావడం లేదు. పాస్టరు గారికి క్షమాపణ రాస్తాడంట, కానీ ఏమని మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చించినాడు.

వల, బెండ్లు, యాభై సీసాలు రాజ్ కుమార్ వ్యానులో పంపుతున్నాను. సీసాలు కడిగినాను, వాసన పోయేదాకా ఉప్పుతో కడిగినాను. సరుగుడు కర్రలు ఐదు తీసుకోండి, పచ్చివైతే వంగుతాయి, ఎండినవి చూడండి. ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా వేసి, కలిసిన ప్రతి చోటా ముడి గట్టిగా బిగించండి. కాగితం అతికించొద్దు. మన గాలికి కాగితం ఆగదు. వల అయితే కన్నాల్లోంచి గాలి తన దారిన తాను పోతుంది, చుక్క నిలబడుతుంది.

నేను రాను తల్లీ. నలభై మందికీ నా సంగతి తెలిసిపోయింది, అదొకటి. ఇంకొకటి ఉంది. నీకు ఆరేళ్ళప్పుడు మీ అమ్మ వాకిట్లో వేసిన ఎర్ర స్టారు గుర్తుందా? గాలికి చిరిగిందని నీకు చెప్పినాం. గాలి కాదు. నేను తాగి వచ్చి లాగి చింపినాను. ఎందుకో కూడా గుర్తులేదు. మీ అమ్మ ఆ ముక్కలు ఏరుకుంటూ, “బిడ్డ లేచేలోపల పో అన్నా,” అన్నది. ఆ తర్వాత మీ పండక్కి నేను ఏ ముఖంతో రావాలి? అందుకే ఇన్నేళ్ళూ రాలేదు. వేరే మతమని కాదు. నిన్ను ఆ మాట అనుకోనిచ్చినాను, ఇది చెప్పడం కన్నా అది తేలికనిపించింది.

వల జాగ్రత్త. ముడి చేతకాకపోతే రాజ్ కుమార్‌ను అడుగు, వాడికి కొంచెం తెలుసు.

మామ

---

మనుబోలు
19 డిసెంబరు

మామా,

గాలికి చెప్పులుండవు.

ఆ పొద్దున నేను లేచేసరికి వాకిట్లో నీ ఎడమకాలి చెప్పు ఉంది, బొటనవేలి దగ్గర నువ్వు వలదారంతో కుట్టుకున్నది. అమ్మ దాన్ని కడిగి ఎండబెట్టి నా చేతికిచ్చి మీ ఇంటికి పంపింది. “మామ మర్చిపోయినాడు, ఇచ్చిరా” అంది. తెచ్చిచ్చింది నేనే. నువ్వు మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నావు. ఆరేళ్ళ దాన్నయినా లెక్క కట్టుకోలేనా? పదిహేనేళ్ళుగా నాకు తెలుసు. తెలిసే నీ ఇంట్లో పెరిగాను, నీ చేతి అన్నం తిన్నాను, నీ పక్కన కూర్చుని ముళ్ళు నేర్చుకున్నాను. నువ్వెప్పుడు చెబుతావా అని చూశాను. చెప్పావు. అయిపోయింది.

రాజ్ కుమార్ ముడి వేశాడు. మూడు నిమిషాల్లో ఊడింది. చుక్క మేడ మీద ఒడ్డున పడ్డ చాటంత టేకు చేప మాదిరి వెల్లకిలా పడి ఉంది, చుట్టూ నలభై మందిమి నిలబడి దాన్ని తిడుతున్నాం. రాకపోతే నేనే ఆదివారం బస్సెక్కి వచ్చి నిన్ను బెండ్ల సంచిలో వేసుకుని తెస్తాను. నా సంగతి తెలుసుగా.

నవోమి

---

మనుబోలు
27 డిసెంబరు

మామా,

ఇరవై నాలుగు రాత్రి నువ్వు ఎక్కిన బస్సు మలుపు తిరిగిందో లేదో మేనేజరు వచ్చాడు. అది నువ్వు చూడలేదు కాబట్టి పూర్తిగా రాస్తాను.

“ఎవరిచ్చారు దీనికి పర్మిషను? దించండి!” అన్నాడు. వాచ్‌మన్ ఎక్కాడు. ఎలక్ట్రీషియన్ ఎక్కాడు. నువ్వు వేసిన ముడి దగ్గర ఇద్దరూ అరగంట పెనుగులాడారు. లాగే కొద్దీ బిగుస్తోంది. గోళ్ళు విరిగాయి. ఎలక్ట్రీషియన్ పళ్ళతో కూడా చూశాడు. “కోసెయ్యండి, కత్తి తెండి!” అని మేనేజరు కింద నుంచి అరిచాడు. రోజుకు పది గంటలు కత్తి పట్టుకునే నలభై మందిమి అక్కడే నిలబడి ఉన్నాం. ఒక్క కత్తీ దొరకలేదు! “ఇక్కడే ఉండాలే సార్,” అంటూ అనూష తన బూటు విప్పి దులిపి మరీ వెతికింది.

ఇంతలో హైవే మీద ఒక లారీ ఆగి హారన్ కొట్టింది. దాని వెనకది కొట్టింది. ఒక పెళ్ళి బస్సు ఆగితే అందులోంచి జనం దిగి ఫోటోలు తీసుకోవడం మొదలుపెట్టారు. నీ సీసాల్లో దీపాలు ఆకుపచ్చగా, కాఫీరంగుగా వెలుగుతున్నాయి. గాలి ఎంత వీచినా నువ్వు చెప్పినట్టే కన్నాల్లోంచి పోతోంది. బెండ్లు ఒకదానికొకటి తగిలి టకటకమంటున్నాయి. మేనేజరు కాసేపు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. తర్వాత జుట్టు దువ్వుకున్నాడు. తర్వాత చుక్క కింద నిలబడి ఫోటో తీయించుకున్నాడు. “మా సంస్థలో సంబరాలు” అని ఫోన్లో అందరికీ పంపాడంట! మళ్ళీ మండింది నాకు. మీద పడబోతే అనూష నా జడ పట్టుకుని ఆపింది.

సెలవు ఇవ్వలేదు. కానీ పండగనాడు రెండు గంటలకే లైను ఆగింది. ఆపమని ఎవరూ చెప్పలేదు, అందరం తొడుగులు విప్పేసి మేడ ఎక్కాం, అంతే. సూపర్‌వైజరు కూడా ఎక్కాడు. నీ మీసం నిమ్మకాయను చూసి ఇదెవరని అడిగాడు. మా మామ అన్నాను. మామ అని నలభై గొంతులు అన్నాయి.

ఇంకొకటి. నువ్వెట్లా లోపలికొచ్చావా అని నాకు అనుమానం వచ్చింది. ఇక్కడ గేటు దగ్గర మామల్ని రానివ్వరు. తల్లిదండ్రులు, తోడబుట్టినవాళ్ళు మాత్రమే. మామ అంటే రేపు కట్టుకోబోయేవాడు కూడా కావచ్చు, ప్రతివాడూ మామేనంటూ వస్తాడని వార్డెను రూలు. నీకు ఆ సంగతి చెప్పడం మర్చిపోయాను. చెప్పి ఉంటే ఆ సాకుతో మానేసేవాడివి.

పొద్దున వాచ్‌మన్‌ని అడిగి పుస్తకం తెరిపించాను. ఇరవై నాలుగో తేదీ. పేరు మాల్యాద్రి. ఊరు కొత్తకుప్పం. ‘ఏమవుతారు’ అన్న గడిలో ముందు ‘మా’ అని రాసి కొట్టేసి ఉంది. దాని పక్కన, తండి.

కింద రావత్తు లేదు. వాచ్‌మన్ పెన్ను తీసుకుని నేనే పెట్టి వచ్చాను.

నవోమి